మిల్లీవాట్ల లెక్క: పాటల ప్లేయరుకు చిన్న యాంప్లిఫయరు ఎంచుకోవడం

చార్జరు మీద ఎర్రగా వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం సుమారు 20 మిల్లీవాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. అందులో ఇరవయ్యో వంతు, అంటే ఒకే ఒక్క మిల్లీవాటు, మామూలు హెడ్‌ఫోన్‌కు అందితే చాలు, చెవి దగ్గర 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా శబ్దం పుడుతుంది. లారీలు, బస్సులు తిరిగే రద్దీ రోడ్డు పక్కన నిలబడితే వినిపించే రొదకన్నా అది ఎక్కువ. చెవికి అతుక్కుని ఉండే పరికరానికి గదంతా నింపాల్సిన పని లేదు. కర్ణభేరి ముందున్న కాస్త గాలిని కదిలిస్తే చాలు.

ఇంత కొంచెం విద్యుత్తుతో పని జరిగిపోతుంటే, జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు మార్కెట్లో ఇన్ని రకాలు ఎందుకున్నాయి? తగిలించగానే పాటకు ప్రాణం వచ్చిందని కొందరు చెబుతారు. ఏ తేడా లేదు, డబ్బు దండగ అని మరికొందరు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎందుకంటే ఒకరి హెడ్‌ఫోన్ వేరు, మరొకరి ప్లేయరు వేరు. ఏ జతకు యాంప్లిఫయరు కావాలో, ఏ జతకు అక్కర్లేదో తేల్చడానికి హైస్కూల్లో చదువుకున్న ఓమ్ నియమం సరిపోతుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివితే ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి మీ జత సంగతి మీరే తేల్చుకోగలుగుతారు.

పెట్టె మీద రెండు అంకెలు

హెడ్‌ఫోన్ పెట్టె వెనక చిన్న అక్షరాల్లో చాలా వివరాలు ఉంటాయి. మనకు కావలసినవి రెండే. మొదటిది ఇంపీడెన్స్. హెడ్‌ఫోన్ లోపలి తీగచుట్ట విద్యుత్ ప్రవాహాన్ని ఎంత అడ్డగిస్తుందో ఇది ఓమ్‌లలో చెబుతుంది. రెండోది సెన్సిటివిటీ. ఒక మిల్లీవాటు అందిస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో ఇది చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాటుకు లెక్కగట్టి ఇస్తాయి, కొన్ని ఒక వోల్టుకు లెక్కగట్టి ఇస్తాయి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఒక వోల్టు ఇస్తే దానికి అందేది సుమారు 31 మిల్లీవాట్లు. కాబట్టి అదే హెడ్‌ఫోన్‌కు ఒక పద్ధతిలో వచ్చే అంకె మరో పద్ధతిలో 15 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. అంకె పక్కన ఏ ప్రమాణం రాశారో చూడకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చకూడదు.

డెసిబెల్ మామూలు కొలతలా పెరగదు. మూడు డెసిబెల్స్ పెరగాలంటే విద్యుత్తు రెట్టింపు కావాలి. పది డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు, ఇరవై పెరగాలంటే వంద రెట్లు కావాలి. మన చెవికి మాత్రం పది డెసిబెల్స్ పెరిగితేనే శబ్దం దాదాపు రెండింతలైనట్టు అనిపిస్తుంది. అంటే రెండింతలు వినిపించాలంటే పదింతలు ఖర్చు పెట్టాలి. యాంప్లిఫయర్ల లెక్కంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడొక నిజమైన ఉదాహరణ చూద్దాం. జర్మనీకి చెందిన బేయర్‌డైనమిక్ కంపెనీ డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్‌ను 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో అమ్ముతుంది. మూడింటి సెన్సిటివిటీ ఒకటే, మిల్లీవాటుకు 96 డెసిబెల్స్. మనం పాటను సగటున 80, 85 డెసిబెల్స్ దగ్గర వింటున్నా, మృదంగం మీద పడే గట్టి దెబ్బ, వాద్యబృందం ఒక్కసారిగా లేచే క్షణం అంతకన్నా 20 డెసిబెల్స్ పైకి ఎగబాకుతాయి. ఆ శిఖరాలు చిట్లిపోకుండా ఉండాలంటే కాస్త ఖాళీ ఉంచుకోవాలి. అందుకని శిఖరాల లక్ష్యం 110 డెసిబెల్స్ అనుకుందాం. 110లోంచి 96 తీసేస్తే 14. పద్నాలుగు డెసిబెల్స్ అంటే 25 రెట్లు. కాబట్టి మూడు రకాలకూ కావలసింది 25 మిల్లీవాట్లే.

విద్యుత్తు ఒకటే అయినా వోల్టేజీ ఒకటి కాదు. విద్యుత్తును వాట్లలోకి మార్చి ఇంపీడెన్స్‌తో గుణించి, వర్గమూలం తీస్తే కావలసిన వోల్టేజీ వస్తుంది. 32 ఓమ్‌ల రకానికి 0.9 వోల్టులు చాలు. 80 ఓమ్‌ల రకానికి 1.4 వోల్టులు కావాలి. 250 ఓమ్‌ల రకానికి 2.5 వోల్టులు కావాలి. కరెంటు దగ్గర వరస తిరగబడుతుంది. 32 ఓమ్‌లది 28 మిల్లీయాంపియర్లు తీసుకుంటే 250 ఓమ్‌లది పదితోనే సరిపెట్టుకుంటుంది.

బోరు లోతు తెలియకుండా మోటారు కొనే రైతు ఉండడు. లోతైన బోరుకు నీళ్లను ఎత్తుకు తోసే బలం కావాలి, లోతు తక్కువైన బావికి ఎక్కువ నీళ్లు పారించే సామర్థ్యం కావాలి. ఓమ్‌లు ఎక్కువున్న హెడ్‌ఫోన్ వోల్టేజీ అడుగుతుంది, ఓమ్‌లు తక్కువున్నది కరెంటు అడుగుతుంది. మన హెడ్‌ఫోన్ ఏది అడుగుతోందో తెలిశాకే యాంప్లిఫయరు వైపు చూడాలి.

ఓమ్‌లు తక్కువైతే పని తేలిక అని చాలామంది అనుకుంటారు. అది అన్నివేళలా నిజం కాదు. హైఫైమ్యాన్ కంపెనీ తయారుచేసిన హెచ్‌ఈ-6 అనే హెడ్‌ఫోన్ 50 ఓమ్‌లదే. కానీ దాని సెన్సిటివిటీ మిల్లీవాటుకు 83.5 డెసిబెల్స్. ఇందులో తీగచుట్టకు బదులు పల్చని పొర ఉంటుంది. దాని మీద పరిచిన వాహకం అయస్కాంతాల మధ్య కదులుతుంది. ఇది 110 డెసిబెల్స్ చేరాలంటే సుమారు 450 మిల్లీవాట్లు కావాలి. అంటే 4.7 వోల్టులు, 95 మిల్లీయాంపియర్లు. జేబులో పట్టే చవక యాంప్లిఫయరు దీనికి ఆనదు. ఓమ్‌లు, సెన్సిటివిటీ రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ప్లేయరు చేతిలో ఎంత ఉంది

హెడ్‌ఫోన్లు మొదటినుంచీ జేబు పరికరాల కోసం పుట్టినవి కావు. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన ప్రసిద్ధ హెచ్‌డీ 414 ఇంపీడెన్స్ 2000 ఓమ్‌లు. ఇంట్లో కరెంటు మీద నడిచే పెద్ద పరికరాలకు అది ఒక లెక్క కాదు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక పరిస్థితి మారింది. రెండు పెన్సిల్ బ్యాటరీలతో, మూడు వోల్టులతో నడిచే యంత్రం వేల ఓమ్‌లను ఊపలేదు. జేబు ప్లేయర్ల కోసం చేసే హెడ్‌ఫోన్లు పదుల ఓమ్‌లకు దిగివచ్చాయి. స్టూడియోల కోసం, ఇళ్లలో వినడం కోసం చేసేవి ఎక్కువ ఓమ్‌లతోనే ఉండిపోయాయి. రెండోరకం హెడ్‌ఫోన్‌ను మొదటిరకం ప్లేయరుకు తగిలించినప్పుడు వచ్చిన ఇబ్బందే చిన్న యాంప్లిఫయర్లకు పుట్టుక.

ఇబ్బంది ఎక్కడుందో బ్యాటరీయే చెబుతుంది. ఇవాళ్టి ప్లేయర్లు, ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ వోల్టేజీ సుమారు 3.7. శబ్దతరంగం పైకీ కిందికీ ఊగాలి కాబట్టి ఒక్కో వైపు దక్కేది అందులో సగం, 1.85 వోల్టులు. వోల్టేజీ పెంచే ప్రత్యేక ఏర్పాటు లేకపోతే, ప్రభావ విలువలో అది ఎంత లాగినా 1.3 వోల్టులు దాటదు. మీటరు చూపేది, మన లెక్కల్లో వాడుతున్నది ఈ ప్రభావ విలువే. ఆచరణలో ఇంకాస్త తగ్గి ఒక వోల్టు దగ్గర ఆగుతుంది.

ఒక వోల్టును 250 ఓమ్‌ల డీటీ 770కి ఇచ్చి చూడండి. నాలుగు మిల్లీవాట్లు అందుతాయి, శిఖరం 102 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. లక్ష్యానికి ఎనిమిది డెసిబెల్స్ తక్కువ. ఇప్పటి సినిమా పాటలను గట్టిగా రికార్డు చేస్తారు కాబట్టి వాటికి ఇదీ చాలుతుంది. మెల్లగా మొదలై పైకి లేచే కచేరీ రికార్డింగుకు మాత్రం వాల్యూమ్ పూర్తిగా పెంచినా తృప్తి ఉండదు. అదే ఒక వోల్టు 32 ఓమ్‌ల రకాన్ని 111 డెసిబెల్స్‌కు తీసుకెళుతుంది. అక్కడ యాంప్లిఫయరుతో పని లేదు.

యూరప్ మార్కెట్ కోసం చేసే ప్లేయర్లకు ఇంకో అడ్డు ఉంది. వినేవారి చెవులను కాపాడటానికి అక్కడ ఈఎన్ 50332 అనే ప్రమాణం పెట్టారు. దాని ప్రకారం విడిగా అమ్మే ప్లేయరు అవుట్‌పుట్ 150 మిల్లీవోల్టులు దాటకూడదు. ప్లేయరుతో పాటే ఇయర్‌ఫోన్ ఇస్తే రెండూ కలిపి 100 డెసిబెల్స్ దాటకూడదు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన ప్లేయరులో శబ్దం తక్కువ అనిపిస్తే అది పాడైందని అనుకోవద్దు. ఏ దేశం కోసం చేసినదో ముందు చూడాలి.

బేస్ ఎక్కడికి పోయింది

శబ్దం సరిపోతున్నా యాంప్లిఫయరు తగిలిస్తే బేస్ నిండుగా వచ్చిందని చెప్పేవారున్నారు. పాత ప్లేయర్ల విషయంలో ఇది భ్రమ కాదు, దీనికి భౌతిక కారణం ఉంది.

ఒకే బ్యాటరీతో నడిచే పాత ప్లేయర్లలో అవుట్‌పుట్ దగ్గర ఎప్పుడూ కొంత డీసీ వోల్టేజీ నిలిచి ఉండేది. అది హెడ్‌ఫోన్‌లోకి పోకుండా మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టేవారు. కెపాసిటర్ డీసీని ఆపుతుంది, మారే సంకేతాన్ని పోనిస్తుంది. అయితే సంకేతం ఎంత మెల్లగా మారుతుంటే దాన్ని అంత ఎక్కువగా అడ్డుకుంటుంది. ఏ పౌనఃపున్యం దగ్గర ఈ అడ్డు గట్టిగా తెలియడం మొదలవుతుందో కెపాసిటర్ పరిమాణం, హెడ్‌ఫోన్ ఓమ్‌లు కలిసి నిర్ణయిస్తాయి.

చిన్న ప్లేయరులో పెద్ద కెపాసిటర్‌కు చోటుండదు. 100 మైక్రోఫారడ్‌లది పెట్టి 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలించారనుకుందాం. 100 హెర్ట్జ్ దగ్గరికే శక్తి సగమైపోతుంది, ఆ కింద ఇంకా పడిపోతుంది. మృదంగం తొప్పి మోత, డోలు గంభీరత, బేస్ గిటారు అడుగుస్వరం అన్నీ పల్చబడతాయి. ఇప్పుడు మధ్యలో యాంప్లిఫయరు పెడదాం. ప్లేయరు ఇక ఇయర్‌ఫోన్‌ను నడపక్కర్లేదు, యాంప్లిఫయరు ఇన్‌పుట్‌కు సంకేతం అందిస్తే చాలు. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 10,000 ఓమ్‌లైతే, అదే కెపాసిటర్ అడ్డు 0.16 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి. కాబట్టి బేస్ మొత్తం తిరిగి దక్కుతుంది. యాంప్లిఫయరు కొత్తగా చేర్చిందేమీ లేదు. ప్లేయరు మీద భారం తీసేసింది, పాటలో ముందునుంచీ ఉన్నది బయటికి వచ్చింది.

ఇప్పటి ప్లేయర్లు, ఫోన్లలో చాలావాటిలో ఈ కెపాసిటర్ లేదు. చిప్పులోనే రుణ వోల్టేజీ పుట్టించి, అవుట్‌పుట్‌ను సున్నా చుట్టూ ఊగేలా చేస్తున్నారు. అందువల్ల యాంప్లిఫయరుతో బేస్ పెరుగుతుందన్న మాట పాత పరికరాలకే ఎక్కువగా వర్తిస్తుంది.

అవుట్‌పుట్ ఇంపీడెన్స్ సంగతి మాత్రం ఇవాళ్టికీ ముఖ్యమే. ప్రతి ప్లేయరుకూ, ప్రతి యాంప్లిఫయరుకూ లోపల కొంత నిరోధం ఉంటుంది. వోల్టేజీలో కొంత అక్కడే ఖర్చయి, మిగిలింది హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. చెవి లోపలికి దూర్చుకునే కొన్ని ఇయర్‌ఫోన్లలో ఇంపీడెన్స్ ఒకచోట 10 ఓమ్‌లుంటే మరో స్వరం దగ్గర 40 ఉంటుంది. వాటిని 10 ఓమ్‌ల లోపలి నిరోధం ఉన్న పరికరానికి తగిలిస్తే రెండు చోట్లా చేరే వోల్టేజీలో నాలుగు డెసిబెల్స్ తేడా వస్తుంది. అంటే పాట స్వరూపమే మారుతుంది. లోపలి నిరోధం ఒక్క ఓమ్ అయితే ఆ తేడా 0.6 డెసిబెల్స్‌కు తగ్గిపోతుంది. 1990లలో వచ్చిన ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 120 ఓమ్‌లు సూచించింది. ఇప్పటి తక్కువ ఓమ్‌ల ఇయర్‌ఫోన్లకు అది పనికిరాదు. ఆచరణలో పాటించే సూత్రం ఒకటుంది. పరికరం అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. 16 ఓమ్‌లకు రెండు, 32కు నాలుగు.

బిళ్లల డబ్బాలో యాంప్లిఫయరు

చవక జేబు యాంప్లిఫయర్ల కథలో కంపెనీలకన్నా ముందు అభిరుచి గలవారు నిలుస్తారు. 1990ల చివర్లో అమెరికాలో చూ మోయ్ అనే ఆయన తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ పటం ప్రచురించాడు. ఒక ఆప్-యాంప్ చిప్పు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ నాబ్, అంతే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఒక సెలవు రోజున చేసుకోవచ్చు. ఆల్టాయిడ్స్ అనే పిప్పరమెంటు బిళ్లల రేకుడబ్బా దీనికి సరిగ్గా సరిపోయింది. సీమోయ్ అన్న పేరు స్థిరపడిపోయి, ప్రపంచమంతటా చాలామంది ఇదే డబ్బాలో తమ మొదటి యాంప్లిఫయరు చేసుకున్నారు.

తొమ్మిది వోల్టులను రెండుగా చీలిస్తే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. చిప్పు తన కోసం ఒక్కో వైపు దాదాపు ఒక వోల్టు ఉంచుకుంటే మిగిలేది ప్రభావ విలువలో 2.5 వోల్టులు. మన 250 ఓమ్‌ల ఉదాహరణకు కావలసింది కచ్చితంగా అంతే. బ్యాటరీ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. తొమ్మిది వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో దాదాపు 500 మిల్లీయాంపియర్-గంటలు ఉంటాయి. పది మిల్లీయాంపియర్లు తీసుకునే సర్క్యూట్ దానితో 50 గంటలు నడుస్తుంది.

2011లో ఎన్‌డబ్ల్యుఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక ఇంజనీరు ఇంకో మెట్టు పైకెక్కించాడు. ఆబ్జెక్టివ్2 అనే పేరుతో, పొట్టిగా ఓ2 అని, రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీల యాంప్లిఫయరును రూపొందించి, దాని సర్క్యూట్ పటాన్నీ బోర్డు నమూనానూ అందరికీ ఉచితంగా ఇచ్చాడు. విడిభాగాల ఖర్చు 30 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓమ్ చుట్టూ ఉంటుంది. ప్రతి అంశాన్నీ పరికరాలతో కొలిచి ఫలితాలు ప్రచురించాడు. అనేక రెట్లు ఖరీదైన యాంప్లిఫయర్లు కొలతల్లో దీని ముందు నిలవలేకపోయాయి. 2012లో ఆయన రాయడం మానేశాడు, ఎవరన్నది లోకానికి తెలియలేదు. కానీ మంచి యాంప్లిఫయరు అంటే ఖరీదైనదే అన్న నమ్మకాన్ని ఆ చిన్న బోర్డు గట్టిగా కదిలించింది.

అదే కాలంలో 2007లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో మొదలైన ఫియో కంపెనీ చొక్కాకు క్లిప్పులా తగిలించుకునే చిన్న యాంప్లిఫయర్లను తక్కువ ధరలో అమ్మి, ఈ వస్తువును సామాన్య శ్రోతకు చేర్చింది. 2016లో ఆపిల్ ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ తీసేశాక దారి మరోవైపు మళ్లింది. ఫోను అడుగున గుచ్చే చిన్న తోక, మనం డాంగిల్ అంటున్నది, ఇప్పుడు అందరి చేతుల్లోకీ వచ్చింది. డిజిటల్ సంకేతాన్ని శబ్ద సంకేతంగా మార్చే డాక్, దాన్ని పెంచే యాంప్లిఫయరు రెండూ అందులోనే ఉంటాయి. ఫోన్లో పాటలు వినేవారికి ఇవాళ చవకైన హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు అంటే ఇదే.

గెయిన్, బుస, పక్కకు ఒరిగే పాట

యాంప్లిఫయరు సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పేది గెయిన్. గెయిన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది అన్నది పొరపాటు. సీమోయ్ తొలి పటంలో గెయిన్ 11 రెట్లు. ఒక వోల్టు ఇచ్చే ప్లేయరు తగిలిస్తే అది 11 వోల్టులు కావాలి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎక్కడినుంచి తెస్తుంది? ఓ2లో 2.5, 6.5 అని రెండు స్థాయిలు పెట్టడానికి కారణం ఇదే. లెక్క తేలిక. హెడ్‌ఫోన్‌కు కావలసిన వోల్టేజీని ప్లేయరు ఇచ్చే వోల్టేజీతో భాగించాలి. 2.5 వోల్టులు కావాలి, ప్లేయరు అర వోల్టు ఇస్తుందంటే అయిదు రెట్లు. ప్లేయరు ఒక వోల్టు ఇస్తే రెండున్నర రెట్లు చాలు.

అవసరానికి మించిన గెయిన్ రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. మొదటిది వాల్యూమ్ నాబ్ దగ్గర. చవక యాంప్లిఫయర్లలో ఒకే ఇరుసు మీద రెండు నిరోధాలు ఉంటాయి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. నాబ్ తిప్పడం మొదలుపెట్టిన తొలి భాగంలో ఆ రెండూ సమానంగా కదలవు. గెయిన్ ఎక్కువైతే ఆ తొలి భాగంలోనే శబ్దం సరిపోతుంది, ఇక నాబ్ ఎప్పుడూ అక్కడే ఉండిపోతుంది, పాట ఒక చెవి వైపు ఒరుగుతుంది. దీన్ని పరీక్షించడానికి మన పాత సినిమా పాటలు చక్కగా పనికొస్తాయి. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనోలో రికార్డయినవి, రెండు చెవులకూ ఒకే సంకేతం వెళుతుంది. ఘంటసాల గొంతు తల మధ్యలో నిలబడాలి. రాత్రి నిశ్శబ్దంలో మీరు వినే అతితక్కువ శబ్దం దగ్గర ఆ గొంతు ఎడమకో కుడికో జరిగితే, ఆ యాంప్లిఫయరు ఆ హెడ్‌ఫోన్‌కు తగదు. పాటను మళ్లీ స్టీరియోలోకి మార్చిన కొత్త ముద్రణ కాకుండా అసలు మోనో రికార్డింగ్‌తోనే ఈ పరీక్ష చేయాలి.

రెండో దెబ్బ బుస రూపంలో వస్తుంది. ప్రతి యాంప్లిఫయరులోనూ సంకేతం లేకపోయినా కొంత రొద ఉంటుంది, మైక్రోవోల్టులలో కొలుస్తారు. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో అది వినపడదు. మిల్లీవాటుకు 110 డెసిబెల్స్ ఇచ్చే 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో మాత్రం పది మైక్రోవోల్టుల రొద కూడా 28 డెసిబెల్స్ శబ్దంగా మారుతుంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో సన్నని బుస తెలుస్తుంది. తంబుర శ్రుతి మెల్లగా మొదలయ్యే రికార్డింగులో అది చెవికి తగులుతుంది. సున్నితమైన ఇయర్‌ఫోన్ వాడేవారికి బలమైన యాంప్లిఫయరు కన్నా నిశ్శబ్దంగా ఉండేది ముఖ్యం.

ఫోనుకూ యాంప్లిఫయరుకూ కలిపి రబ్బరు బ్యాండు వేసుకునేవారు ఇంకొకటి గమనించాలి. 2జీ సంకేతం మీద ఫోను టవరుతో మాట్లాడేటప్పుడు సెకనుకు 217 సార్లు రేడియో తరంగాలను విసురుతుంది. కవచం సరిగా లేని యాంప్లిఫయరు దాన్ని పట్టుకుని బుర్రుమని మోగుతుంది. రేకుడబ్బా ప్లాస్టిక్ పెట్టెకన్నా మెరుగ్గా పనిచేసే సందర్భాల్లో ఇదొకటి.

గట్టిగా ఉన్నది మంచిదనిపిస్తుంది

అన్ని అంకెలూ సరిపోయినా చివరికి చెవితో విని చూడాలని అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ చెవికి ఒక బలహీనత ఉంది. 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కొలిచి చూపించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి అడుగుస్వరాలు మధ్యస్వరాలకన్నా చాలా తక్కువగా వినిపిస్తాయి. శబ్దం పెంచితే అవి ముందుకొస్తాయి. అందువల్ల అదే పాట కాస్త గట్టిగా మోగితే నిండుగా, స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది. ఒక డెసిబెల్ లోపు తేడాను చెవి శబ్దం పెరిగినట్టుగా గుర్తించకపోవచ్చు. నాణ్యత పెరిగిందనుకుని మురిసిపోతుంది.

దుకాణంలో రెండు యాంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు కాస్త గట్టిగా మోగినదే గెలుస్తుంది. న్యాయంగా పోల్చాలంటే రెండిటి వోల్టేజీ సమానం చేయాలి. ఒకటికి రెండుగా చీలే జాక్ ఒకటి, ఏసీలో రెండు వోల్టుల రేంజి ఉన్న మల్టీమీటరు ఒకటి ఉంటే చాలు. 100 హెర్ట్జ్ నిలకడ శబ్దం ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలి ఉండగానే వోల్టేజీ కొలవాలి. రెండో యాంప్లిఫయరునూ అదే అంకెకు తేవాలి. రెండు శాతం లోపు తేడా అంటే 0.2 డెసిబెల్స్ లోపే, అది చాలు. తర్వాత ఏది మోగుతోందో మీకు తెలియకుండా మరొకరిని మార్చమనండి. ఇంత చేశాక కూడా తేడా పట్టుకోగలిగితే అది నిజమైన తేడా. తేడా దొరక్కపోతే చవకది కొనుక్కుని మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కు పెట్టవచ్చు.

కొనేముందు చేయాల్సింది

మీ హెడ్‌ఫోన్ వైర్‌లెస్ అయితే దాని యాంప్లిఫయరు దాని లోపలే ఉంది, బయట కొనాల్సిన పని లేదు. వైరుదైతే ఓమ్‌లు, సెన్సిటివిటీ చూసి 110 డెసిబెల్స్‌కు కావలసిన వోల్టేజీ, కరెంటు లెక్కవేయండి. ఒక వోల్టు లోపు వస్తే మంచి డాంగిల్ గానీ, ఇప్పుడున్న ప్లేయరు గానీ చాలు. ఒకటికీ మూడుకీ మధ్య వస్తే చిన్న యాంప్లిఫయరు నిజంగా ఉపయోగపడుతుంది. నాలుగు దాటితే చవక జేబు యాంప్లిఫయర్లలో వెతకడం మానండి.

యాంప్లిఫయరు పెట్టె మీద పెద్దగా వేసే మిల్లీవాట్ల అంకెను నేరుగా నమ్మవద్దు. 16 ఓమ్‌ల దగ్గర 150 మిల్లీవాట్లు అని ఉంటే దాని వోల్టేజీ 1.55 అన్నమాట. అదే పరికరం 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఇచ్చేది ఎనిమిది మిల్లీవాట్లే. మీ హెడ్‌ఫోన్ ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుందో అడగండి. తర్వాత అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎనిమిదో వంతులో ఉందా, గెయిన్ మార్చుకునే మీట ఉందా, చార్జింగులో పెట్టి వింటే గుర్రుమంటుందా చూడండి. ప్లేయరులో లైన్ అవుట్ ఉంటే దాని నుంచే తీసుకోండి. లేకపోతే ప్లేయరు వాల్యూమ్ బాగా పెంచి, శబ్దం పగలడం మొదలయ్యే చోటుకు కాస్త ముందు ఆపి, మిగిలిన సర్దుబాటు యాంప్లిఫయరు నాబ్‌తో చేసుకోండి. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి.

చివరగా, ఈ లెక్కలన్నీ శిఖరాల కోసం వేసినవి, రోజంతా వినడానికి కావు. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు సగటున 80 డెసిబెల్స్ దాకా వింటే ముప్పు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 89 దగ్గర వారానికి అయిదు గంటలే. 98 దగ్గర 37 నిమిషాలే. కొత్త యాంప్లిఫయరు వచ్చిన రోజున నాబ్ పైకి తిప్పాలని చెయ్యి లాగుతుంది. ఆ నాబ్‌ను సున్నా దగ్గర పెట్టి హెడ్‌ఫోన్ తగిలించండి, మెల్లగా పెంచి పాట స్పష్టంగా వినపడిన చోట ఆపేయండి. శబ్దానికి దెబ్బతిన్న లోపలి చెవి రోమకణాలు మనిషిలో మళ్లీ పుట్టవు.